పెట్టెమీది వేగం, పనిలోని వేగం

సంతలో ధాన్యమో, కూరగాయలో కొనేటప్పుడు తూకం సరిగా ఉన్నదా అని మనం చూచుకుంటాం. తూనికరాళ్ళను ప్రభుత్వోద్యోగి పరీక్షించి ముద్ర వేస్తాడు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం ముద్రలేని రాయితో వ్యాపారం చేయరాదు. అయితే వేలరూపాయలు పెట్టి కొనే సెల్‌ఫోను మీద, టెలివిజనుకు తగిలించే చిన్న పెట్టెమీద "2 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు" అని అచ్చువేసి ఉంటే, ఆ అంకెకు అటువంటి ముద్ర ఏదీ ఉండదు. అమ్మేవారు చెప్పినదే కొలత. కొనేవారు దానిని నమ్మి ఎక్కువ అంకె ఉన్న పెట్టెకు ఎక్కువ ధర చెల్లిస్తారు.

ఈ అంకె ఎక్కడనుండి వచ్చింది? అది వేగానికి కొలత ఎట్లా అయింది? అది ఎప్పుడెప్పుడు కొనుగోలుదారును తప్పుదారి పట్టించింది? ఈ చరిత్ర అరవై ఏండ్లు కూడా లేనిది. కాని కొలతను గూర్చి విద్యార్థులు నేర్వదగిన పాఠాలు ఇందులో ఎన్నో ఉన్నాయి.

స్పందన అంటే ఏమిటి?

ప్రాసెసరు కంప్యూటరుకు లెక్కలుచేసే భాగం. దానిలో అసంఖ్యాకంగా ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఇవన్నీ ఒకే లయలో పనిచేయాలి. లేకుంటే ఒక భాగం జవాబు చెప్పకముందే మరొక భాగం ఆ జవాబును అందుకోబోతుంది. ఈ లయకొరకు క్వార్ట్జ్ స్ఫటికం ఆధారంగా పనిచేసే ఒక వలయం సమాన కాలవ్యవధులలో విద్యుత్ స్పందనలను పంపుతూ ఉంటుంది. ఒక్కొక్క స్పందనకు ప్రాసెసరు ఒక్కొక్క అడుగు వేస్తుంది. సెకనుకు ఒక స్పందన అయితే దాని పౌనఃపున్యం ఒక హెర్ట్జ్. జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు హైన్రిక్ హెర్ట్జ్ పేరుమీదుగా ఈ ప్రమాణం వచ్చింది. పదిలక్షల హెర్ట్జ్‌లు ఒక మెగాహెర్ట్జ్. వందకోట్ల హెర్ట్జ్‌లు ఒక గిగాహెర్ట్జ్.

ఏతంతో నీరు తోడే రైతును తలచుకోండి. గంటకు ఎన్నిసార్లు బాన బావిలో మునిగింది అనేది ఒక లెక్క. బానలో ఎంత నీరు పడుతుంది అనేది మరొక లెక్క. పొలానికి పారే నీరు ఈ రెండిటి లబ్ధం. చిన్న బానతో వందసార్లు తోడినవాడు పెద్ద బానతో అరవైసార్లు తోడినవానికంటె తక్కువ నీరు పారించవచ్చు. పౌనఃపున్యం చెప్పేది ఎన్నిసార్లు తోడారన్న సంగతి మాత్రమే. బాన ఎంతటిదో అది చెప్పదు.

దీనినే సూత్రంగా ఇట్లా వ్రాయవచ్చు: పనికి పట్టే కాలం = ఆదేశాల సంఖ్య × ఒక్కొక్క ఆదేశానికి పట్టే స్పందనలు ÷ పౌనఃపున్యం. ఈ మూడు రాశులలో పెట్టెమీద అచ్చయ్యేది చివరిది ఒక్కటే. మిగిలిన రెండూ పెట్టెమీద కనిపించవు.

తొలినాటి ప్రాసెసర్లు

1971 నవంబరులో ఇంటెల్ సంస్థ 4004 అనే ప్రాసెసరును విపణిలో ప్రవేశపెట్టింది. బిజికామ్ అనే జపాను సంస్థ తయారుచేసే లెక్కల యంత్రం కొరకు మొదట దీనిని రూపొందించారు. దానిలో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. గరిష్ఠ పౌనఃపున్యం 740 కిలోహెర్ట్జ్, అనగా సెకనుకు 7,40,000 స్పందనలు. అయితే ఒక సామాన్యమైన ఆదేశం పూర్తికావటానికి 8 స్పందనలు పట్టేవి. కనుక అది సెకనుకు నెరవేర్చగల ఆదేశాలు 92,500 మించవు. తొలి ప్రాసెసరులోనే స్పందనల అంకెకు, పని అంకెకు ఎనిమిది రెట్ల వ్యత్యాసం కనిపిస్తున్నది.

1977లో ఇండ్లలో వాడుకోదగిన కంప్యూటర్లు అమెరికాలో వచ్చాయి. వాటిలో టీఆర్‌ఎస్-80 అనే దానిలో జడ్80 ప్రాసెసరు 1.77 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. ఆపిల్ 2 అనే దానిలో 6502 ప్రాసెసరు ఇంచుమించు 1.02 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. అంకెలు మాత్రమే చూచినవారికి మొదటిదే చాలా వేగం అనిపిస్తుంది. కాని జడ్80లో మిక్కిలి చిన్న ఆదేశానికి 4 స్పందనలు కావాలి. 6502లో 2 చాలు. భాగహారం చేసి చూస్తే మొదటిదానిలో ఆ ఆదేశానికి సుమారు 2.26 మైక్రోసెకన్లు, రెండవదానిలో 1.96 మైక్రోసెకన్లు పడతాయి. జడ్80లోని ఆదేశాలు కొన్ని 6502 ఆదేశాలకంటె ఎక్కువ పని చేసేవి. కనుక ఈ రెండింటిలో ఏది వేగవంతమైనదో తెలియాలంటే ఒకే పనిని రెండింటికీ ఇచ్చి చూడవలసిందే.

1981 మార్చిలో బ్రిటనులో సింక్లెయిర్ సంస్థ జడ్‌ఎక్స్81 అనే చౌక కంప్యూటరును అమ్మకానికి పెట్టింది. ధర 69.95 పౌండ్లు, విడిభాగాలు కొని స్వయంగా బిగించుకుంటే 49.95 పౌండ్లు. దాని ప్రాసెసరు 3.25 మెగాహెర్ట్జ్‌ది. కాని ఖర్చు తగ్గించటానికి టెలివిజను తెరమీద బొమ్మ గీసే పనికూడ ఆ ప్రాసెసరుకే అప్పగించారు. తెరమీద బొమ్మ నిలవాలంటే ప్రాసెసరు కాలంలో నాలుగింట మూడు వంతులు దానికే సరిపోయేది. లెక్క త్వరగా తేలాలంటే "ఫాస్ట్" అనే ఆదేశం ఇవ్వాలి. అప్పుడు లెక్క తేలేవరకు తెర ఖాళీగా ఉండేది. ఇందులో మోసమేమీ లేదు. "ఫాస్ట్", "స్లో" అని రెండు విధాలున్నట్లు తయారీదారులే చెప్పారు. అయితే చౌక వస్తువు విషయంలో ఎప్పుడూ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఇక్కడ బయటపడింది. స్పందనలన్నీ నిజంగానే జరుగుతూ ఉండవచ్చు. అవన్నీ కొన్నవారి పనికే వినియోగపడుతున్నాయని మాత్రం అనుకోరాదు.

అంకెల వ్యాపారం

1990 దశకంలో కంప్యూటర్లు ఆఫీసులలోకి, ఇండ్లలోకి పెద్దయెత్తున వచ్చాయి. కొనేవారికి ప్రాసెసర్ల లోపలి నిర్మాణం తెలియదు. ఒక్క అంకెతో పోల్చి చూచుకోవటం సులభం కాబట్టి మెగాహెర్ట్జ్ అనేది ధరను నిర్ణయించే అంకె అయింది.

ఒకే పలుచని సిలికాను బిళ్ళమీద ఒకేసారి తయారైన ప్రాసెసర్లు అన్నీ ఒకే వేగాన్ని తట్టుకోలేవు. తయారీదారులు ఒక్కొక్కదానిని పరీక్షించి, తట్టుకోగల వేగాన్నిబట్టి తరగతులుగా విభజించి, ఆ అంకెను పైన ముద్రిస్తారు. ఈ పద్ధతిని ఆసరాచేసుకొని కొందరు దొంగవ్యాపారులు తక్కువ తరగతి పెంటియం ప్రాసెసర్లను కొని, పైనున్న అంకెను చెరిపి, ఎక్కువ అంకెను ముద్రించి అమ్మారు. అటువంటివి కొంతకాలం పనిచేసేవి; వేడెక్కినప్పుడు తప్పులు చేసేవి. దీనిని అరికట్టటానికి ఇంటెల్ సంస్థ తన ప్రాసెసర్లలో వేగం మార్చటానికి వీలులేకుండా లోపలనే బంధించే ఏర్పాటు చేసింది.

1996లో సైరిక్స్, ఏఎండి, ఐబిఎం, ఎస్‌జిఎస్-థామ్సన్ సంస్థలు వేరొక మార్గం అవలంబించాయి. తమ ప్రాసెసరు ఏ పెంటియంతో సమానంగా పనిచేస్తుందో ఆ పెంటియం అంకెను తమదానికి పేరుగా పెట్టసాగాయి. ఉదాహరణకు సైరిక్స్ 6ఎక్స్86 పీఆర్200+ అనే ప్రాసెసరు అసలు పౌనఃపున్యం 150 మెగాహెర్ట్జ్. విన్‌స్టోన్ 96 అనే పరీక్షలో, అనగా ఆఫీసుపనులకు సంబంధించిన ప్రోగ్రాములలో, ఆ పోలిక చాలావరకు సరిపోయేది. కాని దశాంశ సంఖ్యలతో లెక్కలుచేసే దాని విభాగం బలహీనమైనది. అదే సంవత్సరం వెలువడిన "క్వేక్" అనే ఆట ఆ విభాగంమీదనే ఎక్కువగా ఆధారపడింది. ఆ ఆటలో 6ఎక్స్86 తన పేరులోని అంకెను నిలబెట్టుకోలేకపోయింది. ఒక పనిలో నిజమైన పోలిక మరొక పనిలో నిజం కానక్కరలేదని ఈ ఉదంతం చెబుతున్నది.

1998 ఏప్రిలులో ఇంటెల్ సంస్థ చౌక కంప్యూటర్ల కొరకు సెలెరాన్ అనే ప్రాసెసరును విడుదలచేసింది. దాని పౌనఃపున్యం 266 మెగాహెర్ట్జ్. అంకెనుబట్టి చూస్తే అది అదే అంకెగల ఖరీదైన పెంటియం 2 వంటిదే. భేదమేమంటే, పెంటియం 2 పక్కన 512 కిలోబైట్ల రెండవ అంచె కాష్ స్మృతి ఉండేది; ఈ సెలెరానుకు అది బొత్తిగా లేదు. వంట చేసేవారికి పోపులపెట్టె చేతికి అందేచోట ఉంటే పని చకచకా సాగుతుంది. ప్రతి గింజకూ కొట్టుగదికి పోవలసివస్తే చేతివేగం ఎంత ఉన్నా ఏమి లాభం? విమర్శలు రాగా ఆగస్టులో 128 కిలోబైట్ల కాష్‌తో కొత్త సెలెరాను వచ్చింది. మొదటిదానిలో అచ్చువేసిన అంకె అబద్ధం కాదు. కాని వేగాన్ని నిర్ణయించే రెండవ విషయం పెట్టెమీద లేదు.

పందెం పరాకాష్ఠ

2000 మార్చిలో ఏఎండి, ఇంటెల్ సంస్థలు రెండు రోజుల తేడాతో 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్లను ప్రకటించాయి. ఆ సంవత్సరం నవంబరు 20న పెంటియం 4 వచ్చింది. మొదటి రకాలు 1.4, 1.5 గిగాహెర్ట్జ్‌వి. అయినా కొన్ని పనులలో అవి 1 గిగాహెర్ట్జ్ పెంటియం 3 కంటె వెనుకబడినట్లు పరీక్షలు చూపాయి. ఇది ఎట్లా సాధ్యం?

ఇల్లు కట్టేచోట పదిమంది వరుసగా నిలబడి ఇటుకలను చేతులు మారుస్తున్నారనుకోండి. అదే దూరంలో ఇరవైమందిని నిలబెడితే ఒక్కొక్కరు కదపవలసిన దూరం సగమవుతుంది. కాబట్టి లయను పెంచవచ్చు. పెంటియం 3లో పనిని సుమారు 10 దశలుగా విభజిస్తే, పెంటియం 4లో 20 దశలుగా విభజించారు. అందువలన పౌనఃపున్యం పెరిగింది. అయితే ప్రోగ్రాములో "ఇట్లా అయితే ఈ దారి, కాకుంటే ఆ దారి" అనే కూడళ్ళు తరచు వస్తాయి. ప్రాసెసరు ఏ దారి పట్టాలో ముందుగా ఊహించి పని మొదలుపెడుతుంది. ఊహ తప్పితే వరుసలో ఉన్న ఇటుకలన్నీ పనికిరానివే. వాటిని పారవేసి వరుసను మళ్ళీ నింపాలి. వరుస ఎంత పొడవైతే నష్టం అంత ఎక్కువ.

2001 జూలైలో ఆపిల్ సంస్థకు చెందిన జాన్ రూబిన్‌స్టైన్ న్యూయార్కు సభలో ఈ విషయాన్ని వివరించి, దీనికి "మెగాహెర్ట్జ్ భ్రమ" అనే పేరు వాడాడు. తమ 867 మెగాహెర్ట్జ్ యంత్రం 1.7 గిగాహెర్ట్జ్ పెంటియం 4 కంటె వేగంగా పనిచేయటం చూపాడు. అయితే అతడుకూడ అమ్మకందారుల పక్షమే. పోలికకు ఎన్నుకున్న పని ఆపిల్ వారు ఎన్నుకున్నదే. భ్రమను గూర్చి అతడు చెప్పిన కారణం నిజం. కాని ఆ ఒక్క ప్రదర్శననుబట్టి రెండు యంత్రాలలో ఏది మేలైనదో తీర్పు చెప్పలేము. అదే సంవత్సరం అక్టోబరులో ఏఎండి సంస్థ పాత పేర్ల పద్ధతిని మళ్ళీ చేపట్టింది. దాని అథ్లాన్ ఎక్స్‌పి 1800+ నడిచేది 1.53 గిగాహెర్ట్జ్‌తో.

పెంటియం 4 కొన్నవారు కొందరు అమెరికాలో న్యాయస్థానానికి వెళ్ళారు. ఆ ప్రాసెసరు వేగంగా ఉన్నట్లు కనపడేటట్లు పరీక్షా ప్రోగ్రాములను మలచారని వారి ఆరోపణ. తయారీదారులు తప్పు ఒప్పుకోలేదు. 2014లో రాజీ కుదిరి, అర్హులైన కొనుగోలుదారులకు 15 డాలర్ల చొప్పున ఇవ్వటానికి అంగీకరించారు. అప్పటికి ఆ కంప్యూటర్లు కొని పదమూడేండ్లు కావస్తున్నది.

ఈ పందానికి అడ్డుకట్ట వేసింది న్యాయస్థానం కాదు, భౌతికశాస్త్రం. పౌనఃపున్యం పెంచాలంటే సాధారణంగా వోల్టేజికూడ పెంచాలి. ఖర్చయ్యే విద్యుత్తు పౌనఃపున్యానికి, వోల్టేజి వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. అది అంతా వేడిగా మారుతుంది. 2004 అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను విడుదల చేసే సంకల్పాన్ని ఇంటెల్ విరమించింది. 2006లో వచ్చిన కోర్ 2 డుయో రకాలలో 2.4 గిగాహెర్ట్జ్‌ది 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను మించి పనిచేసింది. బాన పెద్దదైంది, తోడే సార్లు తగ్గాయి.

చిన్న పెట్టెలలోని కొరత

ఇంతవరకు చెప్పిన కథలో, దొంగముద్రలు తప్ప, గిగాహెర్ట్జ్ అంకె నిజమే; దానినుండి కొనేవారు ఊహించుకున్న అర్థం తప్పు. 2016లో అంకే తప్పైన ఒక ఉదాహరణ బయటపడింది.

ఆమ్‌లాజిక్ సంస్థ ఎస్905 అనే ప్రాసెసరును టెలివిజను పెట్టెల కొరకు తయారుచేసింది. దానిని 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసరుగా ప్రకటించారు. దక్షిణ కొరియాకు చెందిన హార్డ్‌కెర్నెల్ సంస్థ ఆ ప్రాసెసరుతో ఓడ్రాయిడ్-సి2 అనే చిన్న కంప్యూటరు పలకను 40 డాలర్లకు అమ్మింది. విద్యార్థులు, అభిరుచిగలవారు వాటిని కొని రకరకాల పనులకు వాడారు. పలక తనంతట తాను ఇచ్చే వివరాలలోకూడ 2016 మెగాహెర్ట్జ్ అనే అంకె కనపడేది. కాని జాగ్రత్తగా కొలిచినవారికి ఒక వింత తోచింది. 1.5 గిగాహెర్ట్జ్ వరకు పౌనఃపున్యం పెంచినకొద్దీ పని త్వరగా జరుగుతున్నది; అటుపైన 2 వరకు పెంచినా పనికి పట్టే కాలం తగ్గటంలేదు.

కారణమేమంటే, ఆ ప్రాసెసరులో పౌనఃపున్యాన్ని నిజంగా మార్చేది లోపల ఉన్న మరొక చిన్న ప్రాసెసరు. దానిలోని ప్రోగ్రాము తయారీదారు ఇచ్చినది. దాని మూలం ఇతరులు చదవటానికి వీలులేదు. పైప్రోగ్రాము "2016 మెగాహెర్ట్జ్‌తో నడు" అని అడిగితే, లోపలి ప్రోగ్రాము ఆ కోరికను అంగీకరించినట్లే జవాబిచ్చి, 1536 మెగాహెర్ట్జ్ దగ్గర ఆపేది. అనగా ప్రకటించిన వేగంలో ఇంచుమించు నాలుగో వంతు లేదు. హార్డ్‌కెర్నెల్ సంస్థ ఆ సంగతిని బహిరంగంగా అంగీకరించి, తన వివరాలలో 1.5 గిగాహెర్ట్జ్ అని సవరించింది. ఎనిమిది కోర్లుగల ఎస్912 ప్రాసెసరు విషయంలోను ఇదే పరిమితి బయటపడింది.

టెలివిజను పెట్టెలు కొన్న అసంఖ్యాక గృహస్థులు ఈ కొరతను ఎందుకు గమనించలేదు? సినిమా చూపించే పని ఆ పెట్టెలలో ప్రధాన ప్రాసెసరుది కాదు. దానికి ప్రత్యేకమైన వలయం ఉంటుంది. సినిమా చక్కగా కనిపించినంతకాలం ప్రాసెసరు అంకెను అనుమానించే అవసరం రాలేదు.

దీనిని కనిపెట్టిన ఉపాయం విద్యార్థులకు తెలియదగినది. ఒక సంఖ్యకు 1 కూడటం, వచ్చిన మొత్తానికి మళ్ళీ 1 కూడటం — ఇట్లా ముందరి ఫలితం వస్తేగాని తరువాతి కూడిక జరగని ఆదేశాలను వరుసగా ఇవ్వాలి. ఇటువంటి ప్రాసెసరులో ఒక్కొక్క కూడికకు ఒక స్పందన పడుతుంది. 200 కోట్ల కూడికలు 2 గిగాహెర్ట్జ్ వద్ద ఒక సెకనులో పూర్తికావాలి, 1.536 గిగాహెర్ట్జ్ వద్ద సుమారు 1.30 సెకన్లు పడతాయి. యంత్రం తన వేగాన్ని గూర్చి ఏమి చెప్పినా సరే, విడిగా నడిచే గడియారంతో చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

సెల్‌ఫోనుల సంగతి

సెల్‌ఫోనులో ఈ చిక్కులన్నీ ఒకేచోట చేరాయి. దానికి గాలి విసిరే పంకా ఉండదు. అచ్చువేసిన గరిష్ఠ పౌనఃపున్యం కొద్దిసేపు మాత్రమే సాధ్యం. వేడెక్కగానే ఫోను తన పౌనఃపున్యాన్ని తానే తగ్గించుకుంటుంది. ఎనిమిది కోర్లుగల ప్రాసెసరులో తరచు నాలుగు పెద్దవి, నాలుగు చిన్నవి ఉంటాయి. చెప్పే అంకె పెద్దవాటిది. 2 గిగాహెర్ట్జ్ కోర్లు ఎనిమిది ఉన్నంతమాత్రాన 16 గిగాహెర్ట్జ్ అనుకోరాదు. ఒకదాని తరువాత ఒకటిగా చేయవలసిన పనిని ఎనిమిదిమందికి పంచలేము.

2013లో ఆనంద్‌టెక్ అనే పత్రికవారు శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 ఫోనులో ఒక రకాన్ని పరీక్షించి, కొన్ని వేగపరీక్షలు నడిచేటప్పుడు మాత్రమే దాని బొమ్మల ప్రాసెసరు 533 మెగాహెర్ట్జ్‌కు చేరుతున్నదని, ఇతర ఆటలలో 480 దాటటంలేదని చూపారు. పరీక్షాధికారి వచ్చినప్పుడు మాత్రమే శుభ్రంగా ఉండే బడివంటిది ఇది. కాబట్టి పేరుపొందిన పరీక్ష ఫలితాన్నికూడ కన్నుమూసుకొని నమ్మరాదు.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

మన పాఠశాలలలో కంప్యూటర్లు ఉన్నచోట ఉపాధ్యాయులు ఈ పరీక్షను సులభంగా చేయించవచ్చు. ఒకటి నుండి పదికోట్ల వరకు సంఖ్యలను ఒక్కొక్కటిగా కూడే చిన్న ప్రోగ్రాము వ్రాయాలి. అది అరనిమిషమైనా నడిచేటట్లు సంఖ్యను సరిచూచుకొని, చేతిగడియారంతో కాలం కొలవాలి. అదే ప్రోగ్రామును మరొక కంప్యూటరుమీద నడిపి, రెండిటి కాలాల నిష్పత్తిని పెట్టెలమీది గిగాహెర్ట్జ్ నిష్పత్తితో పోల్చాలి. ఆ రెండు నిష్పత్తులు సమానం కాకపోతే ఎందుకు కాలేదో విద్యార్థులు చర్చించాలి. తరువాత ఒకే యంత్రంమీద ఆపకుండా ఇరవైసార్లు నడిపి, మొదటిసారికి, చివరిసారికి పట్టిన కాలాలను పట్టికలో వ్రాయాలి. చివరిసారి ఎక్కువ కాలం పడితే వేడి ప్రభావాన్ని వారు స్వయంగా చూచినట్లే.

ఒక్క కూడికల ప్రోగ్రాముతో యంత్రం గుణం అంతా తేలదు. సైరిక్స్ కథ చెప్పేది అదే. ఏ పనికొరకు కొంటున్నామో ఆ పనిమీదనే పరీక్షించటం ఉత్తమం.

మనదేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టం తప్పుదారి పట్టించే ప్రకటనలను నిషేధించింది. అటువంటి ప్రకటన చేసిన తయారీదారుకు పదిలక్షల రూపాయలవరకు జరిమానా విధించవచ్చు. అయితే అంకె తప్పని ఎవరో ఒకరు కొలిచి చూపినప్పుడే చట్టం అక్కరకు వస్తుంది. ఎస్905 ప్రాసెసరు విషయంలో ఆ పని చేసింది పెద్ద ప్రయోగశాల కాదు. నలభై డాలర్ల పలక కొని, దానిని శ్రద్ధగా కొలిచిన వాడుకదారులు. కొన్న వస్తువును అట్లా కొలిచి చూచే అలవాటు మన బడిపిల్లలకు అబ్బితే, పెట్టెమీది అంకె వారిని సులభంగా మోసగించలేదు.